మా ఆయన కుడిపాదం

మా ఆయన కుడిపాదం గురించి ఈ ఊరి బీచిలో తెలియనివాళ్ళు లేరు. పెళ్ళయిన కొత్తలో దాన్ని చూసి నేనేమీ అనుకోలేదు. వెడల్పాటి పాదం, బొటనవేలు కాస్త పక్కకి తిరిగి ఉంటుంది, అంతే. ఆ పాదాన్ని అడగనిదే సముద్రంలో దిగని మనుషులున్నారని తర్వాత తెలిసింది.

మాది చెప్పుల షాపు. పెద్ద బజారులో మందుల షాపుకీ, గడియారాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఉంటుంది. మా ఆయన పొద్దుట షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా ముక్కాలిపీట మీద కూర్చుని ఊరందరి కాళ్ళూ పట్టుకుంటారు. ఇలా అంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. కానీ పని అదే కదా. మనిషి గుమ్మంలో ఉండగానే కాళ్ళ వంక చూసి నంబరు చెప్పేస్తారు. ఆ విద్యలో ఆయనకి తిరుగులేదు, అబద్ధమెందుకు చెప్పాలి? కాకపోతే రోజంతా నడుం వంచి "ఇది సరిపోయిందా అండీ, వేలు తగులుతోందా అండీ" అని అడిగే మనిషికి ఎక్కడో ఒకచోట నిటారుగా నిలబడాలని ఉంటుంది. ఆ చోటు సముద్రం ఒడ్డు.

పొద్దున్నే ఈతకి వెళ్ళే జట్టు ఒకటి ఉండేది. మందుల షాపాయన, బ్యాంకు క్యాషియరు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఇంకొంతమంది. దానికి పెద్ద మా ఆయనే. బీచి గార్డు ఒకతను థర్మామీటరు తాడుకి కట్టి నీళ్ళలో వదిలి, నల్లబల్ల మీద సుద్దముక్కతో అంకె రాసి, పక్కన జెండా కట్టేవాడు. మావాళ్ళు ఆ బల్ల వంక చూడను కూడా చూసేవారు కాదు. వాళ్ళ థర్మామీటరు మా ఆయన కాలు.

ఆ తతంగం చూసి తీరాలి. ఆయన ప్యాంటు పైకి మడిచి, కుడికాలు చీలమండ దాకా నీళ్ళలో పెట్టి కళ్ళు మూసుకునేవారు. వెనక అందరూ వరసగా నిలబడి ఆయన నోటి వంక చూసేవారు. "గోరువెచ్చన" అంటే పరిగెత్తుకెళ్ళి దూకడమే. "కొరుకుతోంది" అంటే ముందు ముఖం మీదా మెడ మీదా నీళ్ళు చల్లుకుని, నెమ్మదిగా దిగి, ఒడ్డు వెంబడే కాసేపు ఈది, ఒళ్ళు మొద్దుబారకముందే పైకి రావడం. "ఇవాళ వద్దు" అంటే టీ తాగి ఇళ్ళకి పోవడం. అప్పట్లో ఆయన చెప్పింది చెప్పినట్టే ఉండేది. మాట తప్పిన రోజు నాకైతే గుర్తులేదు.

ఎందుకంటే మా సముద్రం ఒట్టి బద్ధకస్తురాలు. పైన గాలి వేడెక్కి, మనం ఫ్యాన్లు తుడిచి వేసుకున్నాక కూడా అది చలికాలంలోనే కూర్చుని ఉంటుంది. మళ్ళీ మనం రగ్గులు దులిపి బయటికి తీసే వేళకి అది వెచ్చగా ఉంటుంది. పెద్ద గంగాళం కాగడానికీ ఆలస్యమే, చల్లారడానికీ ఆలస్యమే. నడిచలికాలంలో ఇక్కడ ఎవరి ప్రాణాలూ పోవు, మా జట్టు తప్ప ఎవరూ దిగరు గనక. మనుషులు పోయేది చలి వెళ్ళాక వచ్చే మొదటి ఎండ రోజుల్లో. ఒంటి మీద ఎండ చురుక్కుమంటుంది, నీళ్ళు చూస్తే నీలంగా నవ్వుతుంటాయి, జనం చొక్కాలు విప్పి దూకేస్తారు. ఈ సంగతి మా ఆయన కాలికి తెలిసినంతగా ఎవరికీ తెలిసేది కాదు.

జట్టులో ఒక ఆచారం ఉండేది. దాన్ని పెట్టింది మా ఆయనే. నీళ్ళలో ముందుగా ఎవరు వణికితే వాళ్ళు బయటికొచ్చి, అందరి తువ్వాళ్ళూ చేతుల మీద వేసుకుని, తడి ఒంటితో అలాగే నిలబడాలి. చివరి మనిషి వచ్చి తన తువ్వాలు తీసుకునేదాకా ఒళ్ళు తుడుచుకోకూడదు. పళ్ళు టకటకమంటుంటే మిగతావాళ్ళు తాళం వేసినట్టు చప్పట్లు కొట్టేవారు. నవ్వులే నవ్వులు. చదువుకున్నవాళ్ళు, పిల్లలు గలవాళ్ళు, ఇంట్లో చీమకి కూడా హాని చెయ్యనివాళ్ళు.

తువ్వాళ్ళు మోసే ఆ పని ఎప్పుడూ మా మరిదికే పడేది.

మా మరిది ఆయనకి తోడబుట్టినవాడే, కానీ ఆ పోలికే లేదు. సన్నటి మనిషి, నోట్లో నాలుక లేనివాడు. నేను కాపరానికి వచ్చేసరికి బడి నిక్కర్లో ఉన్నాడు. చదువు ఎక్కక షాపు వెనక గదిలో చేరాడు. నిచ్చెన ఎక్కి పెట్టెలు దించడం, తెగిన పట్టీలు కుట్టడం, అరిగిన మడమలు మార్చడం అతని పని. పెళ్ళి చేసుకోలేదు. "వాడికెవరిస్తారు పిల్లని, తాళి కట్టేటప్పుడు కూడా వణుకుతాడు" అని మా ఆయన పదిమందిలో అనేసరికి, వచ్చిన సంబంధం కూడా వెనక్కిపోయింది. వణుకుడు. ఇంట్లో, షాపులో, బీచిలో అతని పేరదే. కొన్నాళ్ళకి కొనడానికి వచ్చినవాళ్ళు కూడా "ఆ వణుకుణ్ణి పిలవండి, పట్టీ తెగింది" అనడం మొదలుపెట్టారు. అతను తల వంచుకుని వచ్చి పట్టీ తీసుకెళ్ళేవాడు.

సన్నగా పుట్టి, నాలుగు మెతుకులు తినేవాడికి చలెయ్యదా మరి? ఒళ్ళంతా కొవ్వు పట్టిన మా ఆయనకీ, ఎముకల గూడులాంటి అతనికీ ఒకే సముద్రం ఒకేలా ఉంటుందా? ఈ మాట నేను అడిగాను. "నువ్వు వంట చూసుకో" అన్నారు.

పోనీ మానెయ్యవచ్చు కదా. మానడు. రోజూ పొద్దున్నే అన్న వెనకే బయల్దేరేవాడు. తర్వాత్తర్వాత నీళ్ళలో దిగనివ్వడం కూడా మానేసి, వచ్చీరాగానే తువ్వాళ్ళు చేతిలో పెట్టేవారు. అయినా వెళ్ళేవాడు. ఒకసారి ఎందుకని గట్టిగా అడిగితే చెప్పాడు.

"ఒక్కసారి వదినా. ఒక్కసారి ఆ వరసలో నిలబడి, అందరితోపాటు దిగి రావాలి. అన్నయ్య అందరి ముందూ వీడు మా తమ్ముడు అనాలి. తర్వాత మానేస్తాను, ఒట్టు."

యాభైకి దగ్గరపడిన మనిషి కోరిక అది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక పాదం సంగతి. ఒకరోజు మా ఆయన షాపు నుంచి వచ్చి బూట్లు విప్పారు. కుడి మేజోడు ఎర్రగా ఉంది. నేను కెవ్వుమన్నాను. ఆయన కిందికి చూసి, "ఏంటది?" అన్నారు. బూటు లోపల అట్టలోంచి చిన్న మేకు పైకి పొడుచుకొచ్చింది. దాన్ని తొక్కుతూ రోజంతా షాపులో తిరిగారు. జీవితమంతా ఎదుటివాళ్ళ వేలికి ఎక్కడ నొక్కుకుంటోందో కనిపెట్టిన మనిషికి తన కాల్లో మేకు దిగినట్టు తెలియలేదు.

డాక్టరు సుత్తిలాంటిదేదో పెట్టి కొట్టాడు, దూదితో రాశాడు, సూదితో గీశాడు. మా ఆయన కళ్ళు మూసుకుని ప్రతిసారీ "తెలియట్లేదు" అన్నారు. షుగరు వల్ల పాదాల్లో నరాలు చచ్చిపోయాయన్నాడు డాక్టరు. వేడి తెలియదు, చలి తెలియదు, దెబ్బ తగిలినా తెలియదు. రోజూ ఎవరో ఒకరు పాదాలు చూస్తుండాలి. పుండు మానేదాకా ఈత వద్దు, ఆ తర్వాత కూడా వద్దు.

ఆయన ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "బయట ఎవరికైనా తెలిసిందో, నీ కాళ్ళు విరిచేస్తాను" అన్నారు. మర్నాడు బీచికి వెళ్ళి, "ఇక నుంచి నేను చూసేవాణ్ణి, మీరు ఈదేవాళ్ళు. కోచ్ ఎక్కడైనా ఈదుతాడా?" అన్నారట. జట్టువాళ్ళు సంబరపడిపోయి ఒక ప్లాస్టిక్ కుర్చీ కొనిచ్చారు. ఆయన దాంట్లో కూర్చుని, కట్టు విప్పి, చచ్చిన కాలు నీళ్ళలో పెట్టి, కళ్ళు మూసుకునేవారు.

ఆ చలికాలమంతా సముద్రం గోరువెచ్చనే.

జట్టువాళ్ళు దూకేవారు. ఊపిరి అందక కొట్టుకుని, పెదాలు నీలంగా పైకొచ్చేవారు. ఒక్కరైనా ఆ కాలిని అనుమానిస్తారేమోనని ఎదురుచూశాను. అబ్బే! తప్పు తమ ఒంటిదేనని అనుకునేవారు. "వయసు మీద పడుతోంది", "రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు", "పరగడుపున వచ్చాను, అందుకే" అంటూ ఎవరి సాకు వాళ్ళు చెప్పుకునేవారు. నీళ్ళు చల్లగా ఉన్నాయని అంటే వణుకుడికి తోడు దొరికినట్టే కదా. క్యాషియరు ఛాతీలో నెమ్ము చేరి ఆసుపత్రిలో పడ్డాడు. చూడ్డానికి వెళ్ళినప్పుడు అతను మంచం మీంచే మా ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాడు, జట్టు పరువు తీశానని. మా ఆయన పెద్దమనసుతో క్షమించారు. అది చూశాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ముందు మా మరిదితో చెప్పాను. షాపు వెనక గదిలో మడమకి జిగురు రాస్తూ తలెత్తకుండానే అన్నాడు.

"తెలుసు వదినా. నెత్తురంటిన ఆ బూటు లోపలి అట్ట తర్వాత మార్చింది నేనే. మేకు పీకిందీ నేనే."

"మరి చెప్పవేం వాళ్ళకి?"

"నా మాట ఎవరు వింటారు? వణుకుడు కదా, అలాగే అంటాడంటారు." మడమని బూటుకి అదిమిపట్టాడు. "అయినా ఆ కాలు తప్ప అన్నయ్యకి ఇంకేముంది చెప్పు."

"నువ్వు మాత్రం దిగకు."

"నన్నెవరు దిగమంటారు వదినా? తువ్వాళ్ళకి మనిషి కావద్దూ?"

ఇక నేనే వెళ్ళాను. పాదం తుడిచి కట్టు కట్టడానికని రోజూ ఆయన వెంట వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక పొద్దున, అందరూ వరసగా నిలబడి ఉండగా, ఆయన కుర్చీలో కళ్ళు మూసుకుని కాలు చాపారు. నేను చేతిసంచీకి పెట్టుకున్న పిన్నీసు తీసి, వంగి, అరికాల్లో దించాను. సగం దాకా దిగింది. పైకి లాగితే నెత్తురు బొట్టు వచ్చింది. ఆయన ముఖంలో ఏమీ లేదు. డ్రిల్లు మాస్టారు "అయ్యో" అని అరిచాకే కళ్ళు తెరిచారు.

"ఏం చేస్తున్నావే?"

"పిన్నీసు గుచ్చాను. తెలిసిందా మీకు?"

ఆయన నెత్తురు చూశారు, నన్ను చూశారు. నేను వరస వైపు తిరిగాను.

"చూశారుగా? ఈ కాలు చచ్చిపోయింది. దీనికి చలీ తెలియదు, వేడీ తెలియదు. దీని మాట నమ్మి మీరు దూకుతున్నారు. ఆ బల్ల చూడండి, గార్డుని అడగండి, దీన్ని మాత్రం అడక్కండి."

అందరూ ఆ నెత్తురు బొట్టు వంకే చూశారు. హమ్మయ్య, బుర్రకెక్కిందనుకున్నాను. అప్పుడు డ్రిల్లు మాస్టారు నోరు తెరిచారు.

"అబ్బ! చూశార్రా? అరికాల్లో పిన్నీసు దించితే కనురెప్ప కూడా కదపలేదు! మనిషంటే ఇలా ఉండాలి!"

చప్పట్లు. ఒకరిని చూసి ఒకరు. మా ఆయనకి నెలనెలా షుగరు బిళ్ళలు తన చేత్తో అమ్మే మందుల షాపాయన కూడా కొట్టాడు చప్పట్లు. "మొగుడి మీద అంత కసేంటమ్మా?" అని ఎవరో నన్ను మందలించారు. మా ఆయన ఛాతీ విరుచుకుని ఆ కాలు నీళ్ళలో పెట్టి, "గోరువెచ్చన" అన్నారు. తువ్వాళ్ళ వెనక నుంచి మా మరిది నా వంక చూసి, చూపు తిప్పుకున్నాడు. ఇంటికొచ్చాక ఆయన టీ చప్పరిస్తూ, "పరువు తీద్దామనుకున్నావు, పెంచావు" అని నవ్వారు. ఆ నవ్వు నేను చచ్చినా మరిచిపోను.

చలి వెళ్ళింది. మొదటి ఎండలు వచ్చాయి. ఆ ఆదివారం ఊరు ఊరంతా ఇసక మీదే ఉంది. గొడుగులు, పిల్లలు, ఐస్‌క్రీము బళ్ళు. గార్డు ఎర్రజెండా కట్టి, మైకు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"గాలి వేడిగా ఉందని మోసపోకండి. నీళ్ళు ఇంకా చలికాలంలోనే ఉన్నాయి. ఒక్కసారిగా దూకితే గుండె అదిరి ఊపిరి పట్టేస్తుంది, ఈత వచ్చినా లాభం లేదు. పిల్లల్ని ఒడ్డునే ఉంచండి."

డ్రిల్లు మాస్టారు ఆ మాటల్ని ముక్కుతో అని అందరినీ నవ్వించారు. మా ఆయన కుర్చీలో కూర్చుని కాలు పెట్టారు, కళ్ళు మూసుకున్నారు, "గోరువెచ్చన" అన్నారు.

వరస కదల్లేదు.

క్యాషియరు సంగతి అందరి మనసులోనూ ఉండి ఉంటుంది. ఎవరి చూపు వాళ్ళ కాళ్ళ మీదే. మందుల షాపాయన వాచీ విప్పడం ఎంతసేపటికీ పూర్తి చెయ్యలేదు. మా ఆయన మళ్ళీ అన్నారు, ఈసారి గట్టిగా. అది విని గార్డు మైకు పక్కన పెట్టి వచ్చాడు.

"సార్, మీరు చెప్పబట్టే వీళ్ళు దిగుతున్నారు. నీళ్ళు ఒట్టి మంచు. ఇవాళ ఎవర్నీ దించకండి."

"నీ బల్ల నీది, నా కాలు నాది. వెళ్ళు."

"అయితే మీరు దిగి చూపించండి."

చుట్టుపక్కల గొడుగుల కింద ఉన్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. మా ఆయన ముఖంలో రంగు మారింది. ఆయనకి తెలుసు, నీళ్ళెలా ఉన్నాయో తనకి తెలియదని. అది తెలిసిన మనిషి భయం నేను ఆ కళ్ళలో చూశాను. ఇప్పుడు ఒప్పుకుంటారు అనుకున్నాను, ఇంక దారి లేదు కదా అనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి వరస చివర చూశారు.

"రారా తమ్ముడూ. వీళ్ళకి చూపించు."

తమ్ముడూ అన్నారు. అందరి ముందూ. లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి కూడా వేశారు.

మా మరిది ముఖం చూడాల్సింది. చిన్నప్పుడు ఎవరైనా మిఠాయి ఇస్తే, నాకేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసేవాడు. అలాగే చూశాడు. నేను అడ్డంపడి చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు. నీకు తెలుసు కదా."

"తెలుసు వదినా."

"తెలిసి ఎందుకు?"

"నేను కూడా దిగకపోతే అన్నయ్య అబద్ధం చెప్పినట్టు అయిపోదూ?" తువ్వాళ్ళన్నీ నా చేతిలో పెట్టాడు. "విన్నావా, తమ్ముడన్నాడు."

"పోనీ నెమ్మదిగా దిగు. ముఖం మీద నీళ్ళు చల్లుకో, నాకోసం."

తల అడ్డంగా ఊపాడు. గోరువెచ్చని నీళ్ళలోకి ఎవరూ అలా దిగరు. ముఖం మీద చల్లుకున్నాడంటే నీళ్ళు కొరుకుతున్నాయని ఊరందరికీ చెప్పినట్టే. చొక్కా విప్పి, మడత పెట్టి ఇసక మీద ఉంచాడు. వీపున ఎముకలన్నీ లెక్కకి వస్తున్నాయి. గార్డు ఆపబోతే డ్రిల్లు మాస్టారు అడ్డం నిలబడ్డారు. మా మరిది పరిగెత్తుకెళ్ళి, లోతు మొదలయ్యే చోట దూకాడు.

ఒక్కసారి పైకి వచ్చాడు. నోరు పెద్దగా తెరిచి ఉంది. ఊపిరి లోపలికి లాగుతున్నాడు, బయటికి వదలడం లేదు. అలలు ఆ నోట్లోకే పోతున్నాయి. రెండు చేతులూ నీటి మీద పరిచి, కళ్ళు మాత్రం ఒడ్డు వైపే, అన్న వైపే.

"చూశారా, ఎంత హాయిగా ఉందో వాడికి!" అన్నారు మా ఆయన.

ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను అరుస్తూనే ఉన్నాను. గార్డు అందరినీ తోసుకుని తేలే దిమ్మ పట్టుకుని దూకేసరికి అక్కడ తల లేదు. వెతికి లాక్కొచ్చి ఇసక మీద పడుకోబెట్టాడు. ఛాతీ మీద నొక్కాడు, నోట్లో ఊపిరి ఊదాడు, మళ్ళీ నొక్కాడు. గొడుగుల కింద జనమంతా చుట్టూ మూగారు. చాలాసేపు నొక్కి, చివరికి గార్డు చేతులు తీసి, మోకాళ్ళ మీదే కూర్చుండిపోయాడు.

మా ఆయన కుంటుకుంటూ వచ్చి తమ్ముడి పక్కన కూలబడ్డారు. ఏడ్చారు. అబద్ధం చెప్పను, నిజంగానే ఏడ్చారు. ఒక్క క్షణం నాకు జాలి కూడా వేసింది. ఇప్పుడైనా కాలు సంగతి చెబుతారనుకున్నాను. తమ్ముడి చెయ్యి ఎత్తి చూశారు. పెదాలు చూశారు, నీలంగా, బిగుసుకుని ఉన్నాయి. తర్వాత తలెత్తి జట్టు వంక చూశారు.

"చూశారా?" అన్నారు. "వణకలేదు."

డ్రిల్లు మాస్టారు టోపీ తీసి ఛాతీ మీద పెట్టుకున్నారు.

"వణకలేదు సార్. ఒక్కసారి కూడా. నేను చూస్తూనే ఉన్నాను."

"ఎక్కడా వణకలేదు" అన్నారు ఇంకొకరు.

మందుల షాపాయన వంగి మా ఆయన భుజం తట్టాడు. "మీ తమ్ముడు అనిపించుకున్నాడు" అన్నాడు.

నాకు ఆయన్ని ఆ చచ్చిన కాలు పట్టుకుని నీళ్ళలోకి ఈడ్చుకెళ్ళాలనిపించింది. చేతులు రాలేదు. మా ఆయన కళ్ళు తుడుచుకుని, "మా తమ్ముడు" అన్నారు. వెనకున్నవాళ్ళకి వినపడలేదేమోనని లేచి నిలబడి, ఇంకోసారి గట్టిగా, "వీడు మా తమ్ముడు" అన్నారు. అంతలో అంబులెన్సువాళ్ళు స్ట్రెచరు పట్టుకుని వచ్చి, దారి వదలమని అందరినీ కసురుకున్నారు.